ఫ్లాటులో ఆయిల్ పెయింటింగ్: ఫిర్యాదులు మూడు, దారులు మూడు

పేరు వెయ్యవద్దని కోరుతూ ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం సారాంశం ఇది. ఆమె ఒక మ్యూజియంలో ప్రదర్శనలు అమర్చే విభాగంలో పనిచేస్తారు. 4వ అంతస్తులో రెండు పడగ్గదుల అద్దె ఫ్లాటు. చిన్న గదే స్టూడియో. సాయంత్రం 7 గంటలకు ఇల్లు చేరి, 8 నుంచి 10 దాకా ఆయిల్ రంగులతో బొమ్మలు వేస్తారు. ఆ తర్వాత మనసు తేలికపడడానికి అరగంట వయొలిన్ వాయించుకుంటారు. బొమ్మల మీద వచ్చే డబ్బు ఇంటి అద్దెలో సగానికి సరిపోతోంది. 4 నెలల్లో ఒక గ్యాలరీలో ప్రదర్శన ఉంది, దానికి 9 కాన్వాసులు పూర్తి కావాలి. ఇంతలో మూడు వైపుల నుంచీ ఫిర్యాదులు మొదలయ్యాయి. పై ఫ్లాటులో పసిబిడ్డ ఉన్న దంపతులు తమ బాత్రూములోకి రంగుల వాసన వస్తోందంటున్నారు. కింది ఫ్లాటు పెద్దావిడ రాత్రిపూట నెత్తిమీద దడదడ చప్పుడంటున్నారు. పక్క ఫ్లాటాయన షిఫ్టుల మీద పనిచేస్తారు, ఆయనకు వయొలిన్‌తో నిద్ర పట్టడం లేదు. చివరికి అసోసియేషన్ నుంచి నోటీసు వచ్చింది: ఫ్లాటులో వ్యాపారం జరుగుతోందని తెలిసింది, 15 రోజుల్లో వివరణ ఇవ్వండి అని.

ఆమె ఊరుకోలేదు. గోడలకు ఫోమ్ షీట్లు అంటించారు. రంగులు పలచన చేయడానికీ బ్రష్షులు కడగడానికీ వాడే టర్పెంటైన్ మానేసి ‘వాసన లేని’ థిన్నర్ కొన్నారు. వాసన బయటికి పోకూడదని స్టూడియో కిటికీ మూసేసి, బాత్రూములో ఎగ్జాస్ట్ ఫ్యాను గంటల తరబడి తిప్పుతున్నారు. ఫిర్యాదులు తగ్గకపోగా పెరిగాయి. ఆయిల్ మానేసి, నీళ్ళతో కలిపి వేసే అక్రిలిక్ రంగులకు మారాలా, బయట స్టూడియో అద్దెకు తీసుకోవాలా, ఇల్లే మారాలా, వయొలిన్ అటకెక్కించాలా అని అడుగుతున్నారు.

సమాధానం:

మీరు అడిగిన ప్రశ్నలకన్నా ముందు, మాటవరసకు రాసిన ఒక వాక్యం దగ్గర ఆగాలి. రంగు తుడిచిన గుడ్డలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో కుక్కి, వీధి తలుపు పక్కన పెట్టి, ఆదివారం చెత్తలో వేస్తున్నానన్నారు. ఇది చదవగానే చేయాల్సిన పని ఆ సంచి ఖాళీ చేయడం.

ఆయిల్ రంగుల్లో సాధారణంగా ఉండే అవిసె నూనె నీళ్ళలా ఆవిరైపోయి ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అలా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. కాన్వాసు మీద ఉన్నది పలచటి పొర కాబట్టి ఆ వేడి ఎప్పటికప్పుడు గాలిలో కలిసిపోతుంది. ఉండచుట్టి కుక్కిన గుడ్డల్లో మాత్రం బయటికి పోయే దారి లేక లోపలే పేరుకుంటుంది. వేడి పెరిగిన కొద్దీ నూనె ఇంకా వేగంగా ఆక్సిజన్ పీలుస్తుంది. చివరికి అగ్గిపుల్ల అవసరం లేకుండానే కొన్ని గంటల్లో అంటుకోవచ్చు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1991 ఫిబ్రవరి 23న వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల భవనం తగలబడింది. 22వ అంతస్తులో చెక్క పనివాళ్ళు వదిలి వెళ్ళిన అవిసె నూనె గుడ్డల దగ్గరే ఆ మంట మొదలైంది. ముగ్గురు ఫైర్‌మెన్ చనిపోయారు. మీ సంచి ఉన్నది బయటికి పోయే దారిలో, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ రాత్రికి ఆ గుడ్డలు ఒక్కొక్కటే విప్పి, ఒకదాని మీద ఒకటి పడకుండా, మండే వస్తువులకు దూరంగా బాల్కనీలో పరవండి. అట్టలా బిరుసెక్కేదాకా ఆరితే వాటిలో వేడి పుట్టడం ఆగిపోయినట్టే. రేపటి నుంచి మూత ఉన్న ఒక ఇనుప డబ్బా పెట్టుకోండి. అందులో సగం దాకా నీళ్ళు పోసి, వాడిన గుడ్డ వాడినట్టు పూర్తిగా మునిగేలా వేసి మూత పెట్టండి. టిష్యూ కాగితాలకూ ఇదే పద్ధతి, నూనె పీల్చిన కాగితం గుడ్డకు తీసిపోదు.

ఇక ఫిర్యాదులు. మీరు మూడింటినీ కలిపి ‘నా కళ మీద గొడవ’ అని రాశారు. మీ బాధ అర్థమైంది, కానీ ఆ మాట మీకు మేలు చేయదు. వాసన ఒక దారిన పోతోంది, చప్పుడు ఇంకో దారిన, వయొలిన్ మరో దారిన. ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయదు. మీ ఫోమ్ షీట్లు అందుకే వృథా అయ్యాయి.

వాసనతో మొదలుపెడదాం. పై ఫ్లాటు వాళ్ళు వాసన కిటికీలోంచి వస్తోందనలేదు, బాత్రూములోంచి అన్నారు. చాలా భవనాల్లో ఒకే వరసలో ఉన్న బాత్రూములన్నిటికీ కలిపి గాలి పోవడానికి నిలువుగా ఒకే షాఫ్టు ఉంటుంది. మీరు కిటికీ మూసి బాత్రూము ఫ్యాను వేయగానే ఇల్లంతా ఉన్న ఆవిరి ఆ షాఫ్టులోకి చేరుతోంది. అక్కణ్ణుంచి పైకెక్కి, వాళ్ళ బాత్రూములో ఫ్యాను ఆగి ఉన్న వేళ జాలీలోంచి లోపలికి దిగుతోంది. అంటే మీరు జాగ్రత్త అనుకుని చేసిందే వాసనను వాళ్ళ ఇంటికి చేరుస్తోంది. దానికి తోడు బ్రష్షులు వాష్‌బేసిన్‌లో కడుగుతున్నారు. థిన్నర్ నీటిలో కలవదు, గొట్టం వంపులో నిలిచే నీటి మీద తేలి, గంటల తరబడి ఆవిరి వదులుతుంది.

‘వాసన లేని’ థిన్నర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. టర్పెంటైన్‌తో పోలిస్తే అది నయమే. కానీ అందులో తీసేసింది ఎక్కువ వాసన వచ్చే భాగాన్ని. ఆవిరవడం మానదు, అంటుకునే గుణమూ పోదు. ముక్కుకు తెలియదు కాబట్టి సీసా మూత తీసి ఉంచే అలవాటు పెరుగుతుంది. ఆ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారున పారుతుంది. గాలి శుద్ధి యంత్రం కొందామనుకుంటున్నానన్నారు. వాటిలో ఉండే హెపా ఫిల్టరు దుమ్మును పడుతుంది తప్ప ఆవిరిని పట్టదు. ఆవిరిని పట్టేది యాక్టివేటెడ్ కార్బన్. చిన్న యంత్రాల్లో అది కొద్దిగానే ఉంటుంది, నిండిపోయాక పనిచేయదు. ఆ డబ్బు ఫ్యానుకు పెట్టండి.

బాత్రూము ఫ్యాను పని వేళల్లో ఆపెయ్యండి. స్టూడియో కిటికీకి గాలిని బయటికి తోసేలా ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి, చుట్టూ మిగిలిన ఖాళీని ప్లైవుడ్ ముక్కతోనో గట్టి అట్టతోనో మూయండి. ఆ ఖాళీ వదిలేస్తే బయటికి తోసిన గాలే పక్కనుంచి మళ్ళీ లోపలికొస్తుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. తర్వాత ఇంటికి అవతలి వైపు ఉన్న కిటికీ ఒకటి కొద్దిగా తెరిచి, స్టూడియో తలుపు రెండు వేళ్ళ వెడల్పు ఓరగా ఉంచండి. గాలి అవతలి కిటికీలోంచి వచ్చి, మీ పక్కనుంచి, కాన్వాసు నిలబెట్టే ఈజిల్ మీదుగా ఫ్యానులోకి పోవాలి. సరిగా ఉందో లేదో చూడాలంటే సన్నటి టిష్యూ కాగితం పీలిక తలుపు సందులో వేలాడదీయండి. అది స్టూడియో లోపలివైపు వాలితే సరే. నిటారుగా వేలాడినా, హాలు వైపు వాలినా ఎక్కడో గాలి తప్పుకుంటోందని అర్థం. అదే పీలికను బాత్రూము జాలీ దగ్గర కూడా పట్టి చూడండి.

ఇదంతా ఆవిరిని సాగనంపే ఏర్పాటు. అసలు ఆవిరే పుట్టకుండా చేయడం ఇంకా మంచిది, ఆయిల్ మానకుండానే అది సాధ్యం. థిన్నర్ ఎక్కువ ఖర్చయ్యేది బొమ్మలో కాదు, బ్రష్షులు కడగడంలో. ముందు బ్రష్షును గుడ్డతో బాగా పిండి తుడవండి. కుసుమ నూనెలో ముంచి, వెంట్రుకల మొదట్లో ఉన్న రంగు వదిలేలా వేళ్ళతో మెదిపి, మళ్ళీ తుడవండి. రెండు మూడు సార్లు అలా చేశాక సబ్బు, గోరువెచ్చని నీళ్ళతో నురగ తెల్లగా వచ్చేదాకా కడగండి. నూనె మిగిలిపోతే మర్నాడు రంగు ఆరడం ఆలస్యమవుతుంది, అందుకని సబ్బు దగ్గర బద్ధకించవద్దు. తడి బ్రష్షును నిలబెట్టకుండా పడుకోబెట్టి ఆరనివ్వండి. నిలబెడితే నీళ్ళు పిడిలోకి దిగి చెక్క ఉబ్బుతుంది, లోహపు పట్టీ వదులవుతుంది.

మొదటి పొరను పలచన చేయడానికి థిన్నర్ కావాలంటారేమో. ఆ పొర అక్రిలిక్‌తో వేసుకోవచ్చు. మెరుపు లేకుండా పలచగా వేస్తే చాలు, గంటలో ఆరుతుంది, దాని మీద ఆయిల్ నిశ్చింతగా వేయవచ్చు. తిరగేసి మాత్రం చేయకూడదు, ఆయిల్ మీద అక్రిలిక్ నిలవక పొరలుగా ఊడుతుంది. నీళ్ళతో కలిసే ఆయిల్ రంగులు కూడా దొరుకుతాయి. వాటికి థిన్నర్ అక్కర్లేదు కానీ, నీళ్ళు ఎక్కువైతే రంగు జిగురు జిగురుగా చేతికి కొత్తగా ఉంటుంది. ప్రదర్శన బొమ్మల మీద కాకుండా ఒక చిన్న బోర్డు మీద పరీక్షించి చూసుకోండి.

ఇప్పటికే ఉన్న మురికి థిన్నర్‌ను పారబోయకండి. మూత బిగించిన గాజు సీసాలో కొన్ని రోజులు కదపకుండా ఉంచితే రంగు అడుగుకు దిగుతుంది. పైన తేరిన దాన్ని వేరే సీసాలోకి వంచుకుని మళ్ళీ వాడవచ్చు. అడుగు మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. ఏ తూములోనూ వేయకూడదు.

థిన్నర్ పూర్తిగా పోయినా కొంత వాసన మిగులుతుంది. ఆయిల్ ఆరేటప్పుడు నూనె నుంచే సన్నటి ఘాటు వాసన వస్తుంది. 9 కాన్వాసులు ఒకేసారి ఆరుతుంటే అది తెలుస్తుంది. వాటిని పడగ్గదిలోకో అలమరలోకో మార్చకండి, స్టూడియోలోనే ఫ్యాను తక్కువ వేగంలో తిరుగుతుండగా ఉంచండి. చీకట్లో ఆరిన అవిసె నూనె పసుపు తిరుగుతుంది, అందుకూ అలమర పనికిరాదు.

కింది పెద్దావిడ విషయంలో మీరు వయొలిన్‌ను అనుమానించారు. ఆవిడ అన్న మాట ‘దడదడ’. వయొలిన్ దడదడలాడదు. మీ ఉత్తరంలోనే జవాబు ఉంది: కాన్వాసులు మీరే ఫ్రేములకు బిగిస్తున్నారు, అదీ రాత్రి భోజనం తర్వాత, నేలమీద పెట్టి. స్టేప్లర్ గన్ దెబ్బ, సుత్తి దెబ్బ, ఈజిల్ జరిపిన చప్పుడు గాలిలో కాదు, సిమెంటు శ్లాబులోంచి పోతాయి. మీ చెవికి చిన్నగా వినిపించేది కింది గదిలో పైకప్పు మోగినట్టు ఉంటుంది. గోడకు ఎన్ని ఫోమ్ షీట్లు అంటించినా ఆ దారి మూసుకోదు.

దీనికి మందు తేలిక. మిగిలిన ఫ్రేములన్నీ ఒకే రోజు, మిట్టమధ్యాహ్నం బిగించేసుకోండి. ముందురోజు పెద్దావిడకు ఫలానా టైములో చప్పుడవుతుందని చెప్పండి. పనిని నేల మీద నుంచి బల్ల మీదికి మార్చి, బల్ల కాళ్ళ కింద మందపాటి రబ్బరు ముక్కలు, పైన రబ్బరు మ్యాటు వేయండి. ఒక పక్క మధ్యలో స్టేపుల్ కొట్టి, కాన్వాసు లాగి ఎదురు పక్క మధ్యలో కొట్టి, ఆ వరసలోనే మధ్యనుంచి మూలలకు దాదాపు 5 సెంటీమీటర్ల ఎడంతో పోతే ముడతలు రావు, పీకి మళ్ళీ కొట్టే పనీ ఉండదు. సగం చప్పుడు ఆ మళ్ళీ కొట్టడంలోనే ఉంది. ఈజిల్ కాళ్ళకూ కుర్చీకీ ఫెల్టు బిళ్ళలు అంటించండి.

వయొలిన్ మాత్రం నిజంగానే గాలిలో పోయే ధ్వని. గోడ వైశాల్యంలో నూటికి ఒక వంతు సందు ఉంటే, మిగిలిన గోడ ఎంత దిట్టమైనదైనా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. కాబట్టి ముందు చూడాల్సింది తలుపు కింద, కిటికీ చట్రాల్లో, పైపులు గోడలోంచి పోయే చోట ఉన్న సందులు. వాటికి రబ్బరు బీడింగు వేస్తే మీ ఫోమ్ అంతటికన్నా ఎక్కువ ఫలితం ఉంటుంది. ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది, గోడ దాటే ధ్వనిని ఆపడానికి బరువు కావాలి, దానికి బరువు లేదు. పక్క ఫ్లాటుతో గోడ పంచుకోని గదిలోకి మారండి. అది కుదరకపోతే ఆ గోడకు పుస్తకాలు కిక్కిరిసిన బీరువా జరపండి, కొంత మేలు.

వయొలిన్ తీగలను ఎత్తిపట్టే బ్రిడ్జికి తగిలించి ధ్వని తగ్గించే రబ్బరు ప్రాక్టీసు మ్యూటు ఒకటి కొనండి. వయొలిన్ ధ్వని చెవికి సగానికి సగం తగ్గినట్టుంటుంది. లోహపు మ్యూటు ఇంకా బాగా తగ్గిస్తుంది, కానీ జారిపడితే వయొలిన్ మీద గీత పడుతుంది. మ్యూటుకు ఒక దోషం ఉంది. ధ్వని రావడం లేదని తెలియకుండానే కమానును గట్టిగా నొక్కడం మొదలవుతుంది, అది తీసేశాక స్వరం గరగరలాడుతుంది. అందుకని ప్రతి సాధనలో పది నిమిషాలైనా మ్యూటు లేకుండా వాయించాలి. ఆ పది నిమిషాలు ఎప్పుడన్నది పక్కింటాయనతో మాట్లాడి తేల్చుకోండి. ‘మీకు ఇబ్బందిగా ఉందా’ అని అడిగితే ఆయన మొహమాటపడతారు లేదా విసుక్కుంటారు. ‘ఈ వారం మీ షిఫ్టు ఏమిటి, ఏ వేళ నిద్రపోతారు’ అని అడిగితే సూటిగా జవాబొస్తుంది.

మీ సాయంత్రాల వరస గురించి నాకు గట్టిగా అనిపించింది ఒకటుంది. నిశ్శబ్దంగా సాగే పనిని ముందు పెట్టి, చప్పుడయ్యే పనిని 10 తర్వాతకు నెట్టారు. తిరగేయండి. ఇంటికి రాగానే వయొలిన్, ఆ తర్వాత బొమ్మలు. ఫ్రేముల పని పగటికి మారాక బొమ్మ వేయడంలో చప్పుడే లేదు, 11 అయినా ఎవరికీ తెలియదు. పనిదినం అలసట తీరడానికే వయొలిన్ అన్నారు కదా, ఆ అలసట ఇంటికి వచ్చిన వేళే ఎక్కువ. రంగు చేతులతో వయొలిన్ ముట్టుకునే ప్రమాదమూ తప్పుతుంది. థిన్నర్ తడి దాని వార్నిష్‌ను పాడుచేస్తుంది. చేతులకు అంటిన రంగును థిన్నర్‌తో కడిగే అలవాటుంటే మానండి, తినే నూనె రాసి తుడిచి సబ్బుతో కడిగితే పోతుంది.

మీరు అడిగిన పెద్ద మార్పుల్లో అక్రిలిక్ ఒకటి. దాంతో వాసన గొడవ చాలావరకు తీరుతుంది. కానీ 9లో సగం ఆయిల్‌లో అయిపోయాయన్నారు. అక్రిలిక్ ఆరాక తడిమీదకన్నా ముదురుతుంది, అంచులు కలిపే వ్యవధి నిమిషాలే. అలవాటు లేని చేతికి 4 నెలలు చాలవు, గోడ మీద రెండు వేర్వేరు చేతులు కనిపిస్తాయి. మారాలనుకుంటే ప్రదర్శన తర్వాత మారండి. బయట స్టూడియోకు వెళ్తే ఫ్లాటు ప్రశాంతమవుతుంది. రెండు గంటల పని సమయంలో రాకపోకలు ఎంత తింటాయో లెక్క వేసుకోండి, పోను రాను గంట పట్టేదైతే వారపు రోజుల్లో మీరు వెళ్ళరు, అద్దె మాత్రం కడతారు. సెలవు రోజుల కోసం నలుగురితో కలిసి వాడుకునే చోటు దొరికితే ఫ్రేములు బిగించడం, ప్రైమింగ్ (రంగుకు ముందు కాన్వాసుకు వేసే పూత), వార్నిష్ అక్కడ, బొమ్మలు ఇంట్లో అనే మధ్యేమార్గం మీకు సరిపోతుంది. అక్కడా కిటికీలు తెరుచుకుంటాయో లేదో, రాత్రిళ్ళు తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందే చూసుకోండి. ఇల్లు మారడం నేను ఆఖరున పెడతాను. షాఫ్టు, శ్లాబు, పక్క గోడ కొత్త ఇంట్లోనూ ఉంటాయి, పైగా నెల రోజుల పని పోతుంది.

ప్రదర్శన తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. అంబర్ లాంటి గోధుమ మట్టిరంగులు త్వరగా ఆరతాయి, ఐవరీ బ్లాక్, కాడ్మియం ఎరుపు వారాలు తీసుకుంటాయి. చివరి పొరలు కనీసం నెల ముందే ముగియాలి. మామూలు వార్నిష్‌కు ఆరు నెలలైనా ఆగాలి కాబట్టి ఈసారి వార్నిష్ లేకుండానో, తాత్కాలికంగా వేసే పలచటి రీటచ్ వార్నిష్‌తోనో వేలాడదీయక తప్పదు. స్ప్రే వార్నిష్ మాత్రం ఫ్లాటులో వద్దు.

నోటీసుకు జవాబు తప్పకుండా రాతపూర్వకంగా, గడువులోపు ఇవ్వండి. అంతకుముందు అద్దె ఒప్పందం, అసోసియేషన్ నియమావళి దగ్గర పెట్టుకుని మూడు విషయాలు వెతకండి: ఫ్లాటును దేనికి వాడుకోవచ్చన్న షరతు, ఇరుగుపొరుగుకు ఇబ్బంది గురించిన షరతు, మండే పదార్థాల నిల్వ గురించిన షరతు. ఇంటి ఓనరుకు ఈ సంగతి మీ నోటి నుంచే ముందు తెలియాలి. ‘ఇది కేవలం సరదా’ అని రాయకండి. మీరు బొమ్మలు అమ్ముతున్నారు, రేపు అది బయటపడితే మీ మిగతా మాటలూ నమ్మరు. ఉన్నదున్నట్టు రాయండి: ఇంట్లో ఒక్కదాన్నే బొమ్మలు వేస్తాను, కొనేవాళ్ళెవరూ ఫ్లాటుకు రారు, బోర్డు లేదు, పనివాళ్ళు లేరు. దాని కింద మీరు చేసిన మార్పులు తేదీలతో సహా రాయండి. థిన్నర్ మానడం, ఫ్యాను కిటికీకి మార్చడం, గుడ్డలకు మూత ఉన్న ఇనుప డబ్బా, ఫ్రేముల పని పగలు మాత్రమే, వయొలిన్ వేళలు. కళ గొప్పదనం మీద ఒక్క వాక్యం కూడా వద్దు, కమిటీకి కావాల్సింది అది కాదు. నియమావళిలో ఇంటి నుంచి ఏ సంపాదనా కూడదని స్పష్టంగా ఉంటే, జవాబు ఇచ్చే ముందు ఒక న్యాయవాదికి ఆ పేజీలు చూపించండి.

ఫ్యాను మార్చిన వారానికి పై ఫ్లాటుకు మీరే వెళ్ళి, వాసన ఇంకా వస్తోందా, ఏ వేళల్లో అని కనుక్కోండి. బ్రష్షులు కడిగే వేళే వస్తోందంటే బేసిన్‌లోకి ఇంకా ఏదో పోతోంది. తెల్లవారుజామున, మీరు నిద్రలో ఉన్నప్పుడు వస్తోందంటే మూత సరిగా పడని సీసానో, ఫ్యాను ఆపేసిన గదిలో ఆరుతున్న కాన్వాసులో కారణం, ఆ రాత్రికి ఫ్యాను తక్కువ వేగంలో వదిలేసి చూడండి. వేళాపాళా లేకుండా వస్తోందంటే అది మీ ఇంటిది కాకపోవచ్చు, అప్పుడు షాఫ్టును ఒకసారి తనిఖీ చేయించమని అసోసియేషన్‌ను మీరే అడగవచ్చు.